కూర్చోకముందే చెప్పే మాట

1982లో ఆస్పత్రి ఉద్యోగం మానేసి, భిలాయిలో రుఆబాంధా పక్కన ఒక ఇంటి ముందు గది అద్దెకు తీసుకుని సొంతంగా ప్రాక్టీసు మొదలుపెట్టాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని. అంటే మందులు రాయను, సూది వెయ్యను. మనసు బాగోలేని మనిషిని కూర్చోబెట్టి మాట్లాడిస్తాను, వింటాను. ఉక్కు ప్లాంటు క్వార్టర్లున్న సెక్టార్లలో నాకు మాటల డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. డాక్టర్ని కాదు మొర్రో అని చెప్పి చెప్పి, విసుగొచ్చి ఊరుకున్నాను.

మొదటిసారి వచ్చేవాళ్ల ఊహలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. భర్తకి బదులు భార్య వచ్చి, ఆయన బాధలన్నీ ఏకరువు పెట్టి మాత్రలు ఇమ్మనేది. ఒక్కరికి బాగోలేకపోతే ఇంటిల్లిపాదీ దిగేవారు. మా ఆయన ప్లాంటులోనే ఇంజినీరు. దాంతో ఇక్కడ చెప్పింది ఆయన చెవిన పడి, మర్నాటికల్లా ఫోర్‌మన్ దాకా వెళ్లిపోతుందని చాలామంది భయం. నా దగ్గరికొచ్చేవాళ్ల పేర్లు కూడా మా ఆయనకి తెలియవంటే నమ్మితేనా!

సింహాచలం నా దగ్గరికి వచ్చింది మరుసటి ఏడాది ఎండాకాలంలో. నరసన్నపేట వైపు మనిషి, నలభై దాటినవాడు, ప్లాంటులో ఉక్కు కరిగించే షాపులో క్రేన్ ఆపరేటరు. వెంట భార్య పార్వతి, ఆమె తమ్ముడు అప్పన్న ఉన్నారు. సింహాచలం తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, గడియారం, ఉంగరం, తాయెత్తు అన్నీ తీసి రుమాల్లో మూటగట్టి భార్య చేతికిచ్చి, గుమ్మంలో తూలుతూ నిలబడ్డాడు. ఏమైనా తిన్నావా అని అడిగాను. పెద్దాస్పత్రిలో పరగడుపునే రమ్మంటారు కదా అన్నాడు. పైగా మీరు తలకి కరెంటు పెడతారట, ఒంటి మీద ఇనుపముక్క ఉండకూడదట అన్నాడు. నాకు ఒళ్లు మండింది, అతని మీద కాదు, ఆ పుకారు పుట్టించినవాళ్ల మీద.

మా వృత్తిలో వచ్చినవాళ్లకి తిండి పెట్టకూడదు, వాళ్లు పెడితే తినకూడదు. చుట్టరికం కలిస్తే నిజం చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది. నియమం మంచిదే, కానీ కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నవాడి దగ్గర నియమాలేమిటి? అక్కాతమ్ముళ్లని వరండాలో ఉండమని, నా క్యారేజీలోని ఉప్మా అతని ముందు పెట్టాను. అప్పటికే పార్వతి గుమ్మం దగ్గర నాతో చెప్పింది, ఆయనకి నిద్ర పట్టడం లేదని, టీ గ్లాసు ఎత్తబోతే కుడిచెయ్యి మధ్యలో ఆగిపోతోందని. ఆ రోజు అతనికి బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం డ్యూటీ.

అతను తింటూ ఉండగానే, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాట చెప్పాను.

"ఇక్కడ నువ్వు చెప్పింది నీ భార్యకి చెప్పను, బావమరిదికి చెప్పను, ప్లాంటుకీ మా ఇంట్లోనూ చెప్పను. ఒక్కటి తప్ప. దానివల్ల ఎవరి ప్రాణానికైనా ముప్పుందనిపిస్తే ఊరుకోలేను. అప్పుడైనా ముందు నీకు చెప్పాకే ఇంకొకళ్లకి చెప్తాను."

అతని చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

"అయితే నానేటీ సెప్పనమ్మా," అన్నాడు.

చెయ్యి కడుక్కుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. నేనే తరిమేసినట్టు పార్వతి నా వంక చూసింది.

ముందే ఇలా బెదరగొడితే మనిషి నోరెలా విప్పుతాడని నా తోటివాళ్లు కొందరు అనేవారు. అన్నీ చెప్పించుకుని, చివర్లో ఈ మాట బయటపెడితే అది వలపన్నడం కాదా? ఆ పని నావల్ల కాదు. కానీ ఆ పూట మాత్రం నా గుండె గుండెలో లేదు. ఆగిపోయే చెయ్యి పట్టుకుని అతను క్రేన్ ఎక్కబోతున్నాడు. నాకున్నది అనుమానమే. అతను నాతో చెప్పిందంటూ ఏమీ లేదు.

డ్యూటీ వేళకి కాస్త ముందు, ఖాకీ బట్టల్లో, టిఫిన్ డబ్బాతో, ఒక్కడే తిరిగొచ్చాడు.

"దాసలేనిదేటో ముందే సెప్పీసారు. మిగతాది దాత్తారని నమ్మకం కుదిరిందమ్మా," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. లాడిల్ అంటే కరిగిన ఉక్కు పట్టే పెద్ద గంగాళం. దాన్ని క్రేనుతో ఎత్తి మోసుకెళ్లడం అతని పని. చలికాలంలో ఒకసారి అది చేతిలో పట్టు తప్పినట్టు ఊగింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ గమనించలేదు కూడా. ఆ క్షణాన కింద ఉన్నది, అదే షాపులో పనిచేసే అప్పన్న. అప్పట్నుంచీ క్రేన్ నడిపే పిడి మీద చెయ్యి మొరాయిస్తోంది. చెప్తే అన్‌ఫిట్ అని రాసేస్తారని భయం. చెప్పకుండా రోజూ బావమరిది నెత్తి మీదుగా నిప్పు మోస్తున్నాడు. "ఆడు నా సేతులమీద పెరిగినోడమ్మా," అని మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇది నేను దాచగలిగిన మాట కాదని చెప్పాను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని అడిగాను. ఇంటివాళ్ల వాటాలో ఫోనుంది. తనే షిఫ్టు ఇన్‌ఛార్జికి చేసి, "సాబ్, హాథ్ సాథ్ నహీ దేతా, ఆజ్ క్రేన్ పర్ నహీ చఢూంగా," అన్నాడు, చెయ్యి సాయం రావడం లేదు, ఇవాళ క్రేన్ ఎక్కనని. అవతలాయన, అయితే కింద సిగ్నల్ ఇచ్చే పనిలో ఉండు, రా, అన్నాడట. అప్పన్నకి కూడా ఆ సాయంత్రమే తనే చెప్పుకున్నాడు.

వానాకాలమంతా వారం వారం వచ్చాడు. కుర్చీ చేతినే పిడిలా పట్టుకుని, ఆ ఊగిన క్షణాన్ని నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చెప్పేవాడు. అంతకు మించి మంత్రమేమీ లేదు. దసరా దాటాక ప్లాంటు డాక్టర్లు పరీక్ష చేసి, క్రేన్ ఎక్కొచ్చన్నారు.

ఎక్కే ముందురోజు అప్పన్న వచ్చాడు. మీ బావ సంగతి నన్నేమీ అడక్కు అని గుమ్మంలోనే కసిరాను.

"అడగడానికి రానేదమ్మా. రేపు కింద ఇంకెవుల్నీ ఎయ్యొద్దని సెప్పీసినాను. నానే ఉంతాను. ఆ మాట బావకి సెప్పాలా, వద్దా?"

"ఎక్కకముందే చెప్పు," అన్నాను.

చెప్పాడు. సింహాచలం ఎక్కాడు. మరో పదేళ్లు ఆ క్రేనే నడిపాడు.

నా పద్ధతి సరైనదేనని నాకు రూఢి అయింది ఆ సంవత్సరమే. ఇలాంటి గదికి మొదటిసారి వెళ్లేవాళ్లు, ఏది దాస్తారు, ఏది దాచరు అని ముందే అడగాలి. సూటిగా చెప్పనివాళ్ల దగ్గర నోరు విప్పకూడదు. చెప్పింది విని భయమేస్తే లేచి వెళ్లిపోవచ్చు, తప్పులేదు. సింహాచలాన్ని ఆ పొద్దున నేను ఆపి ఉంటే, మధ్యాహ్నం తనంతట తాను వచ్చేవాడు కాదు.