ముప్ఫై ఎనిమిదో అంతస్తులో తాడు కోసిన మనిషి

మా రాజధాని అస్తానా నడిబొడ్డున మా నలభై అంతస్తుల భవనం ఎంత ఎత్తంటే, పైవాళ్లు కిటికీ తెరిచి మబ్బుల్ని పక్కకు నెడితేగానీ కింద మాకు ఎండ రాదు. ఆ మెట్లన్నీ రోజూ తుడిచేది బాల్జాన్ అపా; పెద్దావిడల్ని మేం అపా అనే పిలుస్తాం. వయసు అరవై రెండు, నడక మాత్రం మేకపిల్లది.

ఆ ఆదివారం ముప్ఫై ఎనిమిదో అంతస్తులో కుల్యాష్ అవ్వ మనవడికి తాడు కోసే వేడుక. తొలి అడుగులు వేసే పిల్లాడి కాళ్లకు నలుపు తెలుపు తాడు కట్టి, చురుకైన మనిషి చేత కోయిస్తే వాడికీ ఆ నడకే వస్తుందని మా నమ్మకం. అవ్వ మాత్రం హోదా చూసి పెద్ద అధికారి సపర్‌బెక్‌ను పిలిచింది. చుట్టాలంతా చేరాక, ఆయన రాబోయే వేళకు లిఫ్టులు ఆగిపోయాయి.

పదకొండో అంతస్తు దాకా మెట్లెక్కి ఆయన అవ్వకు ఫోన్ చేశాడు. "అపా, నా మోకాళ్లు సెలవు పెట్టేశాయి. రేపు కోద్దాంలే."

కట్టిన కాళ్లతో పిల్లాడు ఏడుపందుకున్నాడు. అవ్వ ముఖం వాడిపోయింది. అంతలో కింది నుంచి బకెట్టు పట్టుకుని, కూనిరాగం తీస్తూ బాల్జాన్ అపా ఎక్కి వచ్చింది.

"ఏమే బాల్జాన్, నీకు ఆయాసం రాదూ?" అంది అవ్వ.

"దానికి తీరికెక్కడిది అపా? ఇంకా రెండంతస్తులున్నాయి."

అవ్వ కత్తి ఆమె చేతిలో పెట్టింది. "కోసెయ్!"

"నేనా? మెట్లు తుడిచేదాన్ని. మీ చుట్టాలు నవ్వుతారు."

"నవ్వేవాణ్ణి ముందు మెట్లెక్కి చూపించమను!"

తాడు తెగింది. పిల్లాడు రెండడుగులు తడబడి, మూడోది సూటిగా వేసి, తలుపు దాటి మెట్లవైపు ఉరికాడు. పదకొండో అంతస్తులో సపర్‌బెక్‌ను పట్టుకుని, "రా తాతా, చెయ్యందిస్తా" అన్నాడని నేను అందరికీ చెబుతున్నాను.