గురువారాల సిస్టరమ్మ

మా సిస్టరమ్మ పోయిన కబురు నాకు రాజాం కాంప్లెక్సులో బస్సెక్కుతుంటే వచ్చింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. ఫోన్ చేసింది ఆవిడ చెల్లెలు. "అక్క పొద్దున్న లేవలేదమ్మా" అంది, అంతే. వెనకవాళ్ళు తోస్తుంటే బస్సెక్కేశాను. కండక్టర్ అడిగితే ఊరి పేరు చెప్పి టికెట్ తీసుకున్నాను. ఆ రోజు చూడాల్సిన ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, నిద్ర పడుతోందా, మాత్రలు పడుతున్నాయా, ఆకలేస్తోందా అని అన్నీ అడిగి, రాసుకుని, మళ్ళీ రోడ్డు మీదకొచ్చాక గానీ నాకు ఏడుపు రాలేదు. సొంతమనిషి పోతే ఉన్నపళంగా పరిగెత్తాలి గదా, నేను ముందు డ్యూటీ చేశాను. మమ్మల్ని అలా తయారు చేసిపెట్టింది మహాతల్లి.

ఆవిడెవరో చెప్పాలి. పెద్దాసుపత్రి మానసిక వార్డులో ఉద్యోగమంతా చేసి, రిటైరై రాజాం వచ్చి చెల్లెలితో ఉండిపోయిన నర్సు. బాప్టిస్టు చర్చిలో పుట్టి పెరిగిన మనిషి. వార్డు నుంచి ఇంటికి పంపిన పేషెంట్లు ఆర్నెల్లకి మళ్ళీ అదే మంచం మీదకి రావడం చూసీ చూసీ విసుగెత్తిందట. ఇళ్ళ దగ్గర చూసుకునే మనుషులు కావాలని ఒక చిన్న సంస్థ వాళ్ళని పట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మమ్మల్ని తొమ్మిదిమందిని పోగేసింది. నేను అప్పటికి జాకెట్లు కుట్టుకుంటున్నాను. మాలో ఇద్దరు ఆ జబ్బు పడి లేచినవాళ్ళే. కాగితం మీద మాకు పెద్ద పేరే ఉంది గానీ ఊళ్ళో మమ్మల్ని "మాత్రలోళ్ళు" అంటారు.

ట్రైనింగు చర్చి పక్కన సండే స్కూలు గదిలో జరిగింది. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవాళ్ళం. మొదటి రోజే నన్ను లేపి, "నీకు నోరు జాస్తి. అది కాస్త తగ్గితే పనికొస్తావు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు రాకూడదనుకున్నాను. వచ్చాను, ఎందుకొచ్చానంటే ఇప్పటికీ చెప్పలేను.

పుస్తకంలో ఉన్నవి ఆవిడ త్వరగా చెప్పేసేది. లేనివాటి దగ్గర ఆగేది. ఏ ఇంట్లో అయినా టీ ఇస్తే ముందు గ్లాసు చూడమనేది. ఇంట్లో అందరికీ గాజు గ్లాసులు పెట్టి ఆ ఒక్క మనిషికీ సొట్టబోయిన స్టీలు గ్లాసు పెడతారు చాలాచోట్ల, పళ్ళెం కూడా వేరు. ఆవిడ కసురుకునేది కాదు, ఉపన్యాసం దంచేది కాదు. "నాకూ అలాంటి గ్లాసులోనే పొయ్యమ్మా" అని ఆ సొట్టగ్లాసు లాంటిదే అడిగి తీసుకుని, ఆ మనిషి పక్కన కూర్చుని తాగేది. రెండోసారి వెళ్ళేసరికి చాలా ఇళ్ళలో గ్లాసులు మారిపోయేవి.

ఇంకో మాట కూడా పదేపదే చెప్పేది. "ఇల్లు తల్లిది అవ్వొచ్చు, తండ్రిది అవ్వొచ్చు. జబ్బు మాత్రం ఆ మనిషిది. ఏటి సేసినా ఆ మనిషినడిగి సెయ్యి." తొమ్మిదిమందీ బుద్ధిగా తలలాడించాం. అందరికంటే ఎక్కువ నేనే ఆడించి ఉంటాను.

ట్రైనింగు అయిపోయాక మమ్మల్ని వదిలేయలేదు. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆవిడ ఇంటి వరండాలో చేరేవాళ్ళం. అల్లం టీ, మరమరాలు, వేయించిన జీడిపప్పు. అక్కడ ఒకటే పని. ఆ వారం ఎవరేం తప్పు చేశారో చెప్పడం. మంచి పనులు చెప్పబోతే, అవి మీ మొగుళ్ళకి చెప్పుకోండి అని ఆపేసేది. ముందు తనే మొదలుపెట్టేది. వార్డులో ఉన్నప్పుడు ఒకామెని మాట వినడం లేదని మంచానికి కట్టించాననీ, ఆమె నోరు తెరిచి ఏమీ అడక్కుండా తననే చూసిందనీ, ఆ చూపు ఇప్పటికీ వంటగదిలో కనిపిస్తుందనీ చెప్పింది ఒకసారి. మేం నోట్లో మరమరాలు నమలడం మానేశాం.

అక్కడ రెండు కట్టుబాట్లు ఉండేవి. చెప్పినవాళ్ళని ఎవరూ తిట్టకూడదు. "పర్వాలేదులే" అని కూడా ఎవరూ అనకూడదు. పర్వా ఉంది కాబట్టే చెప్తున్నారు అనేది. చెప్పడం అయ్యాక ఆవిడ ఒక్క మాట అడిగేది. "ఇంకేటి?" అని. అలా అడిగి ఊరుకునేది. చాలామందికి అసలు తప్పు ఆ "ఇంకేటి" తర్వాతే బయటికొచ్చేది. అక్కడ ఏడ్చి, ముక్కు చీదుకుని, టీ తాగి, మర్నాడు మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళేవాళ్ళం. ఈ పనిలో ఇన్నేళ్ళు నిలబడ్డామంటే ఆ గురువారాల వల్లే. లేకపోతే ఎప్పుడో కుట్టుమిషన్ దగ్గరికి పోయేదాన్ని.

ఇక నా సంగతి.

మా పక్క ఊళ్ళో ఒక కుర్రాడున్నాడు. పేరు రాయను. నన్ను అక్కా అంటాడు గనుక తమ్ముడనే అంటాను. ఇది రాస్తానని అతనికి చెప్పాను, రాసుకోమన్నాడు. ఏడాదిపాటు మాత్రలు సరిగ్గా వేసుకుని, ధాన్యం మిల్లులో పనికి కుదురుకున్నాడు. మూడేళ్ళ కిందట ఒకరోజు మాత్రలు మానేస్తానన్నాడు. పొద్దున్న లేవలేకపోతున్నాననీ, మిల్లులో బస్తాల మీద నిద్రపోతున్నానని నవ్వుతున్నారనీ చెప్పాడు. నేను చేయాల్సింది చాలా చిన్న పని. సిస్టరమ్మకి చెప్పి, శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మోతాదు తగ్గించమని అడగాలి. కానీ ఆ నెలలో సంస్థ వాళ్ళు చూడ్డానికొస్తున్నారు. నా చేతికింద ఉన్నవాళ్ళలో మాత్ర మానినవాడు ఒక్కడూ లేడని నాకో గొప్ప. వాళ్ళమ్మని పెరట్లోకి పిలిచి, "పొడి చేసి అంబలిలో కలిపెయ్యి పిన్నీ, తెలీదు" అన్నాను.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు లోటా అడుగున తెల్లటి పొడి చూశాడు. అరవలేదట. లోటా కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. పదకొండు రోజులకి పాతపట్నంలో ఒక కొట్టు అరుగు మీద దొరికాడు. ఒళ్ళంతా పుళ్ళు, ఎవర్నీ గుర్తుపట్టలేదు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ మొదటి నుంచి. ఇంటికొచ్చాక వరండా చివర వేరే పొయ్యి పెట్టుకున్నాడు. తన బియ్యం తనే కడుక్కుంటాడు, తన నీళ్ళు తనే తెచ్చుకుంటాడు. ఈ మూడేళ్ళలో తల్లి చేతి మెతుకు ముట్టలేదు. ఆవిడ రోజూ రెండు పూటలా కొడుక్కని కూడా వండి, చివరికి ఆవుకి పెడుతుంది.

అతను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారం, గురువారం నాడు సిస్టరమ్మ వరండాలో నా వంతు వచ్చింది. "తమ్ముడు మాత్రలు మానేసిన సంగతి నేను కనిపెట్టలేకపోయాను" అన్నాను. సిస్టరమ్మ నా వైపు చూసింది.

"ఇంకేటి?"

"ఇంకేం లేదు" అన్నాను.

ఆవిడ సరే అని పక్కవాళ్ళ వైపు తిరిగింది. అబద్ధం అంత తేలిగ్గా చెల్లిపోయినందుకు ఆ పూట నాకు హాయిగా కూడా అనిపించింది. సిగ్గులేని మాటే, కానీ అనిపించింది.

తర్వాత వారం ఆవిడ ఒక్కతే తమ్ముడి ఇంటికి వెళ్ళొచ్చింది. ఆ తర్వాత మరెప్పుడూ ఆ గుమ్మం తొక్కలేదు. రమ్మంటే, "నానొస్తే అతనికి ఇష్టం ఉండదు. నువ్వెల్లు" అనేది. ముసలితనం వచ్చి ఓపిక తగ్గిందనుకున్నాను. తమ్ముడు కూడా ఆవిడ పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు. ఆసుపత్రిలో చేర్పించింది గనుక కోపమేమో అనుకున్నాను. నాకు అనుకూలంగా ఉన్నవన్నీ అనుకుంటూ మూడేళ్ళు గడిపేశాను. గురువారాలు మాత్రం మానలేదు. ప్రతిసారీ నా చిన్నచిన్న తప్పులు చెప్పడం, ఆవిడ "ఇంకేటి" అనడం, నేను కళ్ళు దించుకోవడం.

సిస్టరమ్మని మట్టి చేసిన రోజు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. మేం చూసుకునే మనుషులు, వాళ్ళ అమ్మలు, అయ్యలు, పాతపట్నం నుంచి ఒక చెల్లెల్ని పట్టుకుని ఒక అన్న. ఆవిడ వీధి చివరి సమాధుల దగ్గర చర్చివాళ్ళు పాటలు పాడారు. తమ్ముడు రాలేదు. కబురొచ్చిన రోజే నేను అతనికి ఫోన్ చేసి చెప్పాను, విని పెట్టేశాడు. అతని మీద లోలోపల రగిలిపోయాను. ఎవరి మీద రగలాలో తెలియనప్పుడు అలాగే అవుతుందేమో.

ఆ వారం నుంచి నాకు నెమ్మది లేదు. కూర తరుగుతుంటే, స్కూటీ మీద వెళ్తుంటే, మిషన్ తొక్కుతుంటే ఆవిడ గొంతు. "ఇంకేటి?" గట్టిగా కాదు, ఎప్పుడూ అడిగినట్టే, పక్కన కుర్చీలో కూర్చుని అడిగినట్టు. ఒకసారైతే "ఇంకేం లేదండీ" అని పైకే అనేశాను, మా ఆయన "ఎవరితోనే?" అన్నాడు. గురువారం తొమ్మిదిమందిమీ వరండాలో చేరాం. ఆవిడ చెల్లెలు టీ పెట్టింది. ఎవరూ మొదలుపెట్టలేదు. ఆవిడ కుర్చీ వైపు చూడకుండా తాగేసి లేచిపోయాం.

మర్నాడు తమ్ముడి ఇంటికి వెళ్ళాను. పొయ్యి దగ్గర బియ్యం కడుగుతున్నాడు. వాళ్ళమ్మ లోపల ఉంది. నిలబడే చెప్పాను. ఆ రోజు మీ అమ్మ చేత మాత్ర కలిపించింది నేను, నాకు చెడ్డపేరొస్తుందని చేశాను, ఇన్నాళ్ళూ నీ దగ్గరా, సిస్టరమ్మ దగ్గరా దాచాను అని.

అతను గిన్నె కింద పెట్టాడు.

"నువ్వు కాదక్కా. ఆవిడ. నానే కలపమన్నాను అని సిస్టరమ్మే సెప్పినాది. ఇదిగో, ఇక్కడే కూకొని సెప్పినాది."

అతను చెప్పుకుపోయాడు. ఆ మాట వినగానే వాళ్ళమ్మ చేత మళ్ళీ అంబలి కాయించాడట. తన మాత్ర తనే పొడి చేసి కలిపి ఆవిడ ముందు పెట్టాడట. నువ్వు తాగు, ఎలాగుంటాదో నీకూ తెలియాలి అన్నాడట.

"తాగిందా?"

"లోటాడూ తాగినాది. పొద్దుగూకే వరకూ ఈ వరండాలోనే పడి ఉన్నాది. లేసినాక మళ్ళీ నా గుమ్మంలోకి రావద్దన్నాను. రానన్నాది. మాట నిలబెట్టుకున్నాది."

ఆ మర్నాడు ఫోన్లో ఆవిడ మాట ముద్దముద్దగా రావడం నాకు అప్పుడు గుర్తొచ్చింది. బీపీ మాత్ర రెండుసార్లు వేసుకున్నారా ఏంటి అని నవ్వాను నేను. ఆవిడా నవ్వింది.

వాళ్ళమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సిస్టరమ్మ వచ్చిన రోజే, అతనితో మాట్లాడకముందే, తను ఆవిడకి అంతా చెప్పేశానంది. "సెప్పొద్దని నా సెయ్యి పట్టుకున్నాది బాబూ. నీ కొడుకు నన్నెలాగూ నమ్మడు, నిన్నూ నమ్మడు, ఆ పిల్లనైనా నమ్మనీ అన్నాది. ఒక్క మనిషైనా మిగలాలి గదా అన్నాది."

అంటే ఆవిడకి తెలుసు. మూడేళ్ళు, ప్రతి గురువారం, తెలిసే అడిగింది. నేను చెప్పేవరకూ ఆగింది, ఆగి ఆగి పోయింది. ఆ వరండాలో ఒక్క నిమిషం ధైర్యం చేసి ఉంటే ఆవిడ మళ్ళీ ఆ గుమ్మం తొక్కేది. నా వల్ల తొక్కలేదు.

తమ్ముడు అరిచి ఉంటే నాకు బాగుండేది. "అయితే ముగ్గురూ కలిసి నాకు అబద్ధం సెప్పినారన్నమాట. ఆవిడ కూడా నన్నడగలేదు" అన్నాడు. నిజమే. ఆవిడ మాకు నేర్పిన మొదటి మాటనే ఆ ఒక్కచోట ఆవిడే తప్పింది. నా కోసం తప్పిందో అతని కోసం తప్పిందో, ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

"ఇంక నువ్వు రాకక్కా" అన్నాడు. "మాత్రలు నానే ఎల్లి తెచ్చుకుంటాను." మళ్ళీ బియ్యం కడగడం మొదలుపెట్టాడు.

తర్వాతి గురువారం వరండాలో నేనే మొదలుపెట్టాను. పెరట్లోకి పిన్నిని పిలిచిన దగ్గర్నుంచి ఒక్కటీ వదలకుండా చెప్పాను. సగంలో ఉండగా మాలో ఒకామె గేటు వైపు సైగ చేసింది. తమ్ముడు గేటు బయట నిలబడి ఉన్నాడు. మాత్రల కోసం రాజాం వచ్చి, అటు నుంచి అటే వచ్చినట్టున్నాడు, చేతిలో మందుల సంచీ ఉంది. ఎండ మాడిపోతోంది. సిస్టరమ్మ చెల్లెలు కుర్చీ తీసుకెళ్ళి వేసింది, కూర్చోలేదు. లోపలికి రమ్మంది, రాలేదు. నేను గొంతు తగ్గించలేదు. ఇంకాస్త పెంచి, అతనికి వినబడేలా, చివరి వరకూ చెప్పాను. ఎవరూ తిట్టలేదు. ఎవరూ పర్వాలేదనలేదు.

చెప్పడం అయ్యాక తలెత్తి చూస్తే గేటు దగ్గర ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంది. లేచి వెళ్ళి రోడ్డు మీదకి చూశాను. ఆ వీధి చివర చర్చివాళ్ళ సమాధుల స్థలం తప్ప ఇంకేమీ లేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కాలిపోతున్న తారు మీద, అటే నడిచి వెళ్తున్నాడు.