టీచరమ్మ వేయించిన చెక్క నేల

మా కాలనీ క్లబ్బు హాల్లో చెక్క నేల పీకేసి టైల్స్ పరిచారు. డ్యాన్సు నేర్చుకునే ఆడపిల్లలు ఇప్పుడు ఆ టైల్స్ మీదే గెంతుతున్నారు. ఇది తప్పు. ఈ మాట చెప్పాకే మిగతాది.

ఆ చెక్క నేల వేసింది నేను. వేయించింది బ్యాలే టీచరమ్మ. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన తెలుగావిడ. కలకత్తాలో బ్యాలే, అదే మునివేళ్ల మీద ఆడే దొరల డ్యాన్సు, నేర్చుకుని, వేదికల మీద ఆడి, భర్త ఉద్యోగంతో ఒడిశాలోని మా రాయగడ వచ్చింది. ఇక్కడ బ్యాలే అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. నేను బడికి వెళ్లింది మూడేళ్లు. మిగతా చదువంతా దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నదే. ఆ కాగితాల్లో బ్యాలే ఎక్కడా తగల్లేదు.

హాల్లో సిమెంటు మీద చెక్కలు పరచమంది. మంచి గట్టి చెక్క తెచ్చి, సందు లేకుండా మేకులు దిగ్గొట్టాను.

"ఏనుగునెక్కించండమ్మా, కదల్దు," అన్నాను గొప్పగా.

ఆమె చెప్పులు విప్పి ఒక్క గెంతు గెంతి, పెదవి విరిచింది. "ఏనుగు గెంతదు మేస్త్రీ, నా పిల్లలు గెంతుతారు. దిగినప్పుడు ఆ దెబ్బ ఎవులు తినాల? నేలా, మోకాళ్లా?"

కదలనిదే మంచి పని అని నమ్మిన వడ్రంగిని. ఒళ్లు మండింది. అయినా అంతా పీకాను. ఈసారి కింద రబ్బరు ముక్కలు, వాటి మీద అడ్డకర్రలు, పైన తేలిక చెక్క. ఆమె రోజూ వచ్చి, కళ్లు మూసుకుని, వట్టి కాళ్లతో నేలంతా నడిచేది. "ఇక్కడ మేకు తల తగుల్తంది" అనేది. నా వేలికి ఏమీ తగిలేది కాదు. లైటు దగ్గరపెట్టి చూస్తే ఉండేది.

అంతా అయ్యాక నన్నే గెంతమంది. పంచె ఎగ్గట్టి గెంతాను. నేల కాస్త దిగి మళ్లీ లేచింది. పిల్లలు పకపకలాడారు.

"ఓలమ్మీ, నవ్వకండి! మేస్త్రీ దిగినంత మెత్తగా మీలో ఒక్కర్తీ దిగలేదు."

అబద్ధమే. అయినా ఆ వారమంతా ఇంట్లో నన్ను పట్టలేకపోయారు.

ఆమె నేర్పడం చూడాల్సిందే. అరవై దాటాక కూడా ఒక చేయి గోడకు బిగించిన కర్ర మీద వేసి కాలు లేపితే, దాని మీద నిండు గ్లాసు పెట్టినా తొణికేది కాదు. పిల్లల్ని తిట్టేది కాదు. "మళ్లీ" అనేది, అంతే. ఎన్నిసార్లన్నా విసుగు వినపడేది కాదు. ఆమె చేతిలో మోకాలు చెడిన పిల్లను నేను చూడలేదు.

ఆమె పోయాక ఆమె శిష్యురాలొకామె ఆదివారాలు కొరాపుట్ నుంచి రైల్లో వచ్చి నేర్పుతోంది. టైల్స్ వేశాక ఇద్దరు పిల్లలు కుంటుతున్నారు. "ఇలాగైతే క్లాసు ఆపేస్తాను తాతగారూ, పిల్లల కాళ్లు పాడుచెయ్యలేను," అంది నాతో.

క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్లాను. మా వీధి కుర్రాడే.

"పెళ్లిళ్లకి హాలు బుక్కవుతంది తాతా. ఎలా మెరుస్తందో సూడు!"

"మెరుపుకి నా బట్టతల సాల్దేటిరా?"

నవ్వాడు. పని జరగలేదు. క్లబ్బు కమిటీకి ఉత్తరాలు రాశాను. ఒకటి కాదు, ఆరు. నేల ఎలా దిగాలో, ఎందుకు దిగాలో బొమ్మ గీసి మరీ రాశాను. నిన్న జవాబు వచ్చింది:

"తాతగారికి నమస్కారం. హాల్లో టైల్స్ తీయడం కుదరదు. వెనక ఉన్న క్యారమ్స్ గది డ్యాన్సు క్లాసుకు ఇస్తున్నాం. పాత చెక్కలు స్టోరులోనే ఉన్నాయి. మీ బొమ్మ మా వడ్రంగికి అర్థం కాలేదు. సోమవారం మీరే వచ్చి దగ్గరుండి వేయించాలి. దయచేసి ఏడో ఉత్తరం రాయవద్దు."