మా నాయిన ఊడదీసిన ఫోటో

తపాలాలో వచ్చే చదువంటే ఆ రోజుల్లో మా వరంగల్‌లో ఎవరికీ పెద్దగా గౌరవం ఉండేది కాదు. కాలేజీకి పోయి, గోడ మీద కూర్చుని, మ్యాట్నీలు చూసి, చివరికి తప్పినవాణ్ణి కూడా "డిగ్రీ సదివిండు" అనేవాళ్ళు. పాఠాలు పోస్టులో తెప్పించుకుని చదివేవాణ్ణి మాత్రం "ఏందో రాసుకుంటాండు" అని వదిలేసేవాళ్ళు. నేను మొదటి రకంలో రెండేళ్ళు శ్రమించి, రెండో ఏడు తప్పి, మిల్ట్రీలో చేరి, అక్కడ రెండో రకంలోకి మారినవాణ్ణి. కాబట్టి రెండు రకాల అవమానాల గురించీ సాధికారంగా మాట్లాడగలను. ఇప్పుడు నేను నెమ్మదస్తుణ్ణని మా వీధిలో పేరుంది. ఎనభైల మొదట్లో నన్ను చూసినవాళ్ళెవరూ ఈ వీధిలో లేకపోవడమే దానికి కారణం. ఇది ముఖ్యంగా నా కోపం గురించిన జ్ఞాపకం. చదువు మధ్యమధ్యలో తగులుతుంది, అంతే.

మిల్ట్రీలో నా పని వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని, అవతలివాడు వినిపించడం లేదంటే నాకూ వినిపించడం లేదని చెప్పడం. డిగ్రీ ఉన్నవాళ్ళు జవాన్లకు పాఠాలు చెప్పే హవల్దారు ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవచ్చని తెలిసి కరస్పాండెన్స్ బి.ఏ. కట్టాను. యూనివర్సిటీవాళ్ళు పాఠాలను కట్టలు కట్టి మా యూనిట్‌కు పంపేవాళ్ళు. పైవాళ్ళు మా యూనిట్‌ను కట్టగట్టి ఇంకో చోటికి పంపేవాళ్ళు. మూడో పాఠం అందినప్పుడు మేం పంజాబ్‌లో ఉన్నాం. నాలుగో పాఠం పంజాబ్ చేరేసరికి మేం అస్సాంలో ఉన్నాం. ఫ్రెంచి విప్లవానికి కారణాలు నాకు అందాయి గానీ ఫలితాలు దారిలో ఎక్కడో ఆగిపోయాయి. (ఆ విప్లవం ఎట్లా ముగిసిందో నాకు ఇప్పటికీ గట్టిగా తెలియదు.) మా సుబేదార్ సాబ్‌కు చదువు మీద ద్వేషమేమీ లేదు, చదివేవాళ్ళ మీదే. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెట్టె మీద పుస్తకం తెరిచానో లేదో, "పండిత్‌జీ, జర యే ఘాస్ భీ పఢ్ లో" అని, అంటే ఈ గడ్డి కూడా చదవమని, చేతికి కొడవలి ఇచ్చేవాడు. ఆ మూడేళ్ళలో నేను అర్థశాస్త్రం కంటే గడ్డే ఎక్కువ పూర్తి చేశాను. ప్రతిరోజూ కోపం వచ్చేది. మిల్ట్రీలో కోపం పైకి పోకూడదు గనక అది లోపలే నిలవ ఉండేది.

ఫైనల్ ఇయర్ పరీక్షలకు వరంగల్ సెంటరు పెట్టుకున్నాను. హాల్ టికెట్ కూడా పాఠాల దారి పట్టకూడదని ఇంటి అడ్రసు ఇచ్చాను. అర్జీకి జతగా ఉండే హాల్ టికెట్ ఫారం మీద అంటించిన ఫోటోకు మా కమాండింగ్ ఆఫీసరు సంతకం చేసి, గుండ్రటి మొహరు వేశారు. మొహరు సగం నా భుజం మీద, సగం కాగితం మీద పడింది. ఆ ఫోటో ఉన్న హాల్ టికెట్ లేకపోతే పరీక్ష గదిలోకి రానియ్యరని అచ్చులోనే ఉంది. హవల్దారు ఉద్యోగానికి వయసు హద్దు ప్రకారం నాకదే చివరి అవకాశం. ఆ ఏడు పరీక్ష పోతే డిగ్రీ వచ్చినా గోడకు తగిలించుకోవడానికే. సుబేదార్ సాబ్ కాళ్ళు పట్టుకున్నంత పని చేసి సెలవు తీసుకుని, రైల్లో రెండు రోజులు చాలావరకు నిలబడి, పరీక్షకు ముందు రోజు పొద్దున ఇంట్లో దిగాను.

మా నాయిన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కాంటా పెట్టేవాడు. రోజంతా మిర్చి ఘాటులో ఉండటం వల్లనో ఏమో, ఎదుటివాడి కోపం ఆయనకు ఆనేది కాదు. నన్ను చూసి సంబరంగా పెట్టె తెరిచి హాల్ టికెట్ చేతిలో పెట్టాడు. పేరుంది, నంబరుంది, సగం మొహరుంది. ఫోటో ఉండాల్సిన చోట తెల్లటి చతురస్రం ఉంది.

"నాయినా, దీని మీద ఫోటో ఏది?"

"ఉన్నది తియ్యి, ఏడికి వోతది."

"ఏడున్నది?"

"పిల్లోళ్ళింట్ల."

ఏ పిల్ల అని అడిగాను. నాకు చూసిన పిల్లేనట. ధర్మసాగర్ అవతల ఊరట, వ్యవసాయం చేసుకునే మంచి కుటుంబమట. నాకు ఉత్తరం రాద్దామనుకుని మరిచిపోయాడట. "ఒట్టి ఫోటో ఇస్తె ఎవ్వలు నమ్ముతలేర్రా. పోయినేడు ఒకడు మిల్ట్రీల ఉన్ననని లగ్గం జేసుకున్నడు, తీర జూస్తే కాజీపేట టేషన్ల సైకిళ్ళు కాస్తాండు. గందుకే సర్కారు మొహరున్న ఫోటో ఇచ్చిన. దొర సంతకం గూడ ఉండె. ఇంతకంటె సాక్ష్యమేం గావాలె?" అన్నాడు. తర్వాత పని తెలిసినవాడి గర్వంతో, "అన్నం ఉడుకుతాంటె ఆవిరికి పట్టిన. ఎంత సాఫుగ ఊడిందో సూడు, కాగితం జరంత గూడ చినగలే" అన్నాడు.

నేను మా నాయినను పెద్దగా ఏమీ అనలేదు. పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారంటే అది వాళ్ళ ఇష్టం.

"గంతగనం ఒర్లుతవేందిరా?" అన్నాడు నాయిన, నిజంగానే ఆశ్చర్యపోయి. "ఫోటో లేకుంటే ఏమైతది? మనిషివి నువ్వే వోతానవు గదా!"

పోయి తెమ్మన్నాను. అప్పుడు మాత్రం మా నాయిన మొహం మారింది. "నేను వోను. ఫోటో వాపసడిగితే సంబంధం వద్దన్నట్టే లెక్క. గా మాట నా నోటితోని ఎట్లంట?" అయితే నేనే పోతానన్నాను. "పిల్లను జూసుడు గాకముందే పిలగాడు వాళ్ళింటికి వోతడారా? ఇజ్జత్ వోతది" అన్నాడు. ఇజ్జత్ సంగతి పరీక్ష రాసి వచ్చాక చూద్దామని చెప్పి, మా అవ్వ, అంటే అమ్మ, పెట్టిన అన్నం కూడా తినకుండా బయటపడ్డాను. (ఆకలితో ఉన్న కోపానికి ఒక నిండుదనం ఉంటుంది.)

హనుమకొండలో బస్సు మారి ధర్మసాగర్ దాటి ఆ ఊళ్ళో దిగాను. ఎవరికీ తెలియకుండా ఇల్లు కనుక్కుని, పెద్దమనిషితో ఒక్క నిమిషం మాట్లాడి తిరిగి రావాలని నా పథకం. చాయ హోటల్ ముందు కూర్చున్నాయన నన్ను చూసి, "మిల్ట్రీ పిలగాడు గదా? ఫోటోల జర లావుగ ఉండె" అన్నాడు. నేనేమీ అడగకుండానే ఇల్లెటో వేలు పెట్టి చూపించాడు. దారిలో ఇంకో ఇద్దరు నన్ను గుర్తుపట్టారు. నా మొహం నాకంటే ముందే ఆ ఊరంతా తిరిగి, అందరితో పరిచయం చేసుకుని కూర్చుంది.

పిల్ల నానమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అచ్చం ఫోటో తీర్గనే ఉన్నడు. మొహరొక్కటి లేదు" అంది. పిల్ల తండ్రి కండువా సర్దుకుంటూ వచ్చి మంచం వాల్చాడు. చాయ వచ్చింది. వానల గురించి, అస్సాం చలి గురించి, మార్కెట్‌లో పత్తి గురించి మాట్లాడుకున్నాం. చాయ అయిపోయింది. ఇక తప్పదని, "నా ఫోటో జర వాపస్ కావాలె" అన్నాను.

ముసలమ్మ చేతిలో చింతపండు ఆగిపోయింది.

"వాపసా?" అన్నాడు పెద్దమనిషి నెమ్మదిగా. "అంటే మా పిల్ల వద్దనా? నువ్వింక సూడనే లేదు గదా బిడ్డా! సూడకుంట వద్దనుడేంది?"

"ఎవ్వడో కిరికిరి పెట్టిండు. వాని నోట్లె మన్నువడ!" అంది ముసలమ్మ.

"అట్ల కాదు మామా!" అన్నాను. కంగారులో వచ్చేసింది. సంబంధం తెంపడానికి వచ్చినవాడు మామా అని పిలవడం ఆయనకు మరింత మంట పుట్టించింది. పరీక్షకు కావాలని, రేపే పరీక్షని గబగబా చెప్పాను.

"ఏం పరీక్ష? డిగ్రీ ఎప్పుడో పాసైనవని మీ నాయిన గీ మంచంల కూసోనే చెప్పిండు గదా! పట్టాకు పటం గూడ కట్టిచ్చినన్నడు!"

పటం కట్టించిన పట్టా సంగతి నేను వినడం అదే మొదటిసారి. నిజం చెబితే మా నాయిన ఆ ఊరి ముందు అబద్ధాలకోరు అవుతాడు. చెప్పకపోతే రేపు నేను పరీక్ష గది బయట నిలబడతాను, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు గడ్డి కోస్తాను. అక్కడ లేని మా నాయిన మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, అయిపోయిన చాయనే మళ్ళీ ఎత్తి తాగాను. పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "మా ఇంట్ల ఆడివిల్లంటే అంగట్ల కూరగాయనా, తీసి సూశి మళ్ళ పెట్టవోనీకి?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకు కూడా నాకు కోపం వచ్చింది.

అప్పుడు తలుపు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "మిల్ట్రీల పై పరీక్షలుంటయి నాయినా. హవల్దారు గావాలన్నా రాయాలె. ఫోటో ఎనుక నంబరు గూడ ఉన్నది, నేను సూశిన. పరీక్షకే అడుగుతాన్రు, ఇచ్చెయ్."

"గట్లనా?" పెద్దమనిషి మళ్ళీ మంచంలో కూలబడ్డాడు. "గా ముచ్చట ముందుగాలనే చెప్పొద్దా బిడ్డా! పానం వోయినంత పనైంది."

ఫోటో దేవుడి గూట్లోంచి వచ్చింది. మొహరు మీద పసుపు మరక, మా ఆఫీసరు సంతకం మీద దీపం నూనె. ఆమె తలుపు చాటు నుంచి చెయ్యి చాపి ఇచ్చింది. నాకు ఆకుపచ్చ గాజులు తప్ప ఏమీ కనిపించలేదు, లేదా నేను చూడలేదు. నాకు మాత్రమే వినిపించేటట్టు అంది: "ఎనుక బి.ఏ. ఫైనలని మీరే రాసిన్రు. ఈ ఇంట్ల ఇంగ్లీషు నాకొక్కదానికే అస్తది. మంచిగ రాయిన్రి."

మర్నాడు మెతుకులతో అంటించిన ఫోటో పట్టుకుని హనుమకొండలో పరీక్ష సెంటరుకు పోయాను. ఫోటోను నిటారుగా పెడితే మొహరు సగాలు కలవడం లేదు. కలిపితే నా తల పక్కకు ఒరిగిపోతోంది. సూపరింటెండెంటు గారు దాన్ని వెలుతురుకు పట్టి, "ఈ పసుపేందయ్యా?" అన్నారు. "నేను పాస్ గావాలని మా అవ్వ పూజ చేసింది సార్" అన్నాను, కొంచెం గొంతు జీరపోయేటట్టు. ఆయన మెత్తబడి, "తల్లి పూజ చేసినా మొహరు కలవాలె గదా" అని గొణుక్కుంటూ లోపలికి పొమ్మన్నారు. అంత నున్నటి అబద్ధం అంత తొందరగా ఎక్కణ్ణించి వచ్చిందా అని ఆలోచిస్తూ బెంచీ మీద కూర్చున్నాను. ఆ గొంతు అచ్చం మా నాయినదే. ప్రశ్నపత్రంలో ఫ్రెంచి విప్లవం ఫలితాలు అడిగారు. కారణాలు రాశాను.

మూడో శ్రేణిలో పాసయ్యాను. ఆ కబురు అందిన వారానికే మా నాయిన రాయించిన ఉత్తరం వచ్చింది. పిల్ల ఈ సంబంధం వద్దన్నదట. రాయనున్న డిగ్రీ పరీక్షను పాసైనట్టు చెప్పారని వాళ్ళ నాయినకు తనే చెప్పిందట, అబద్ధాలాడే ఇంటికి పోనన్నదట. కింద మా నాయిన తన మాటగా రాయించాడు: "ఆరోజు నీది మిల్ట్రీ పరీక్షని కన్నతండ్రికే అబద్ధం జెప్పిందట. గసొంటి పిల్ల మనకెందుకు? మంచిదే అయింది." ఆ ఉత్తరం చదివి నాకు వచ్చిన కోపం గురించి ఎక్కువ చెప్పను. సుబేదార్ సాబ్ ఆ రోజు నాకు కొడవలి ఇవ్వలేదు.

హవల్దారు ఉద్యోగం వచ్చింది. పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను. నా డిగ్రీ ఎవరి వల్ల వచ్చిందని అడిగితే చాలా ఏళ్ళు "నా కష్టం" అనే చెప్పుకున్నాను. మా నాయిన మీద కోపం ఎప్పుడో పోయింది. ఉద్యోగానికి పరీక్ష మాత్రమే రాసిన మా అబ్బాయికి ఉద్యోగం వచ్చేసిందని ఒక పెళ్ళిలో నలుగురికి చెప్పి, చేతులు కడుక్కుంటూ ఉలిక్కిపడ్డాను. ఆ రోజే పోయిందనుకుంటాను. ఇక మిగిలిన కోపమంతా ఒక్కడి మీదే, ఆ పాతికేళ్ళ జవాను మీద. ఆకలితో, చెమటతో, ఫోటో జేబులో పెట్టుకుని, తన చదువును నిలబెట్టిన మనిషి ముందు నిలబడి వాడు ధన్యవాదం చెప్పలేదు, పేరడగలేదు. వాడు ఆమెతో మాట్లాడింది ఒకే ఒక్క మాట.

"బస్సు ఎన్నింటికి?"

"రెండున్నరకంటరు," అందామె. "గాని మూడైతది."

మూడింటికే వచ్చింది.