పసుపునీళ్ళలో వెలిగిన రాయి

మొన్న మా వీధిలో రోడ్డు పనివాళ్ళు రాళ్ళు పగలగొడుతుంటే కిటికీలోంచి ఒక కాలిన వాసన వచ్చింది. పలుగురాయిని పలుగురాయితో రాస్తే వచ్చే వాసన అది. స్ఫటికాలలో దాగిన వెలుగును వెతుకుతూ ఉద్యోగమంతా ప్రయోగశాలలో గడిపినదాన్ని, ఆ వాసనను నేను పొరబడను. అయినా అది నాకు ప్రయోగశాలను కాదు, వరంగల్‌ను గుర్తుచేసింది.

పంతొమ్మిది వందల నలభైలలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, రంగు గాబుల ఆవిరి, ఆరబెట్టిన నూలు మీదుగా వచ్చే తడిగాలి, బతుకమ్మ రోజులైతే వీటన్నిటి మీదా తంగేడు పూల పచ్చివాసన, బెల్లంతో మలీద ముద్దలు కడుతున్న అవ్వ చేతి నెయ్యి వాసన. అవ్వ అంటే మా నాన్నను, బాపును కన్నతల్లి. ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

ఒక ఏడు బతుకమ్మ పూలకోసం గుట్టకు పోయినప్పుడు నేనూ, మా చిన్నాయన కూతురు సత్తెమ్మా ఆడుకోవడానికి తెల్లని పలుగురాళ్ళు ఒడి నిండా తెచ్చుకున్నాం. మధ్యాహ్నం ఎండకు తాళలేక నూలు దాచే అర్రలో, కిటికీ లేని ఆ చీకట్లో, తలుపు మూసుకుని కూర్చున్నాం. ఊరికే రెండు రాళ్ళు గట్టిగా రుద్దాను. రాయి లోపలంతా నారింజరంగు వెలుగు నిండింది. నిప్పురవ్వ కాదు, రాయే దీపమైనట్టు. సత్తెమ్మ కేకపెట్టి పారిపోయింది. మర్నాటికి దానికి జ్వరం.

“ఆ రాళ్ళల్ల గాలి ఉన్నది. ఇది తెచ్చి పిల్లకు సోకిచ్చింది,” అని అవ్వ నా మీద లేచింది. “ఇగ గడప దాటేది లేదు. బడి బంద్!”

మా వాడలో బడికి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. బాపు తలవంచుకుని మగ్గంలో కూర్చున్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను, అవ్వ కరగలేదు. చివరికి రాళ్ళు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను.

“అవ్వా, గాలైతే నాకు గూడ సోకాలె గద? నువ్వే వచ్చి రుద్ది చూడు.”

అవ్వ లేచి గిన్నెలో పసుపునీళ్ళు కలుపుకుని వచ్చింది. పసుపు తగిలితే ఏ గాలీ నిలవదని ఆమె నమ్మకం. అర్ర తలుపు మూశాం. చీకట్లో ఆమె వెండి కడియాలు గలగలమన్నాయి. రాళ్ళను నీళ్ళలో ముంచి, పైకి తీయకుండానే రుద్దింది. వెలిగాయి. మళ్ళీ రుద్దింది. మళ్ళీ వెలిగాయి.

“పసుపుకు గూడ పోతలేదే,” అంది మెల్లగా. “గాలి గాదు, ఇది రాయి గుణమే. పిల్లకొచ్చింది ఉత్త జరమే.”

బయటనుంచి బాపు పిలిచాడు. “జర ఆగు బిడ్డా, చూస్తాన్న!” అని అరిచి, ఇంకా రుద్దుతూనే ఉంది.

మర్నాడు అవ్వే నన్ను బడికి తీసుకుపోయింది. దారిలో కనిపించిన వాళ్ళకల్లా చెప్పింది: “రాయిల దీపం సూపెట్టింది నా మనుమరాలు. దీన్ని సదువుకోనియ్యాలె.”

చదువుకున్నాను. కొన్ని స్ఫటికాలు తమకు తగిలిన రేడియేషన్ శక్తిని లోపల దాచుకుని, వేడి చేస్తే వెలుగుగా తిరిగి ఇస్తాయి. ఆ వెలుగును కొలిస్తే ఎంత రేడియేషన్ తగిలిందో తెలుస్తుంది. ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్ళు ఛాతీకి తగిలించుకునే బిళ్ళల కోసం అలాంటి పదార్థాలు తయారుచేయడమే నా పని. కొత్త పొడి బాగా వెలిగిందని విద్యార్థులు సంబరంగా పరుగెత్తుకొస్తే, అవ్వ పసుపునీళ్ళలో పెట్టినట్టు, అది వెలగకూడని చోట కూడా పెట్టి చూశారా అని అడిగేదాన్ని.

ఈ ఏడు వరంగల్ వెళ్ళాను. మా వాడలో మగ్గాల చప్పుడు లేదు. ఇల్లున్న చోట సెల్‌ఫోన్ల దుకాణం, గుట్ట మీద మేడలు. అవ్వ ఫోటో ఒక్కటీ లేదు, ఆమెను ఎరిగినవాళ్ళూ మిగల్లేదు. దుకాణంలో ఉన్నామె, “ఎవలు గావాలె పెద్దమ్మా?” అని అడిగింది.

కుర్చీ వేయమన్నాను. కూర్చుని, “మా అవ్వ పేరు ఎల్లమ్మ,” అని మొదలుపెట్టాను.