పదకొండు నెలల్లో వెనక్కి నడిచిన పళ్ళు

ఆ రోజులే వేరు. మోకాళ్ళు చెప్పిన మాట వినేవి. బస్సు పూర్తిగా ఆగకముందే ఫుట్‌బోర్డు మీంచి దిగినా "తాతా, పైలం" అనేవాళ్ళు ఎవరూ ఉండేవారు కారు. అప్పటికి నేను కుర్రవాణ్ణి, యాభై ఏడు నిండి ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఆ పడుచుతనపు పొగరుతోనే ఒక ఆదివారం పొద్దున పై దవడ ఎముకకు గాట్లు పెట్టించుకొని, చిగుళ్ళకు కుట్లు వేయించుకొని, అదే మధ్యాహ్నం రెండు గంటలకు బస్సెక్కాను. మత్తు సూది కూడా వద్దన్నాను. మా పాత జిల్లా మొత్తంలో ఇంత పని చేసిన కండక్టరు ఇంకొకడు లేడని చాలా పెళ్ళిళ్ళలో చెప్పాను, ఎవరూ కాదనలేదు. (పంక్తిలో కూర్చున్నప్పుడు దవడ ఎముక మాట ఎత్తితే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఇది నేను స్వయంగా కనిపెట్టిన సంగతి.)

ఎముకకు గాట్లు ఎందుకు పెట్టించుకున్నానో చెప్పాలంటే ముందు నా పళ్ళ గురించి చెప్పాలి. నా పై వరుస ముందు పళ్ళు నాలుగూ నాకంటే ముందే బస్సు దిగేవి. పెదవులు రెండూ కలుసుకోవాలంటే వాటి మధ్యనున్న దూరం చాలా. జగిత్యాల డిపోలో నా అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉండేది, అందరి నోటా నేను "బంపర్". ఇందులో కసి ఏమీ లేదు. బుగ్గారం రోడ్డు మీద నిలబడ్డ ముసలమ్మలు కూడా "బంపరన్న బండి పోయిందా" అని ప్రేమగానే అడిగేవారు, నేనూ ప్రేమగానే పలికేవాణ్ణి. ఇబ్బందల్లా ఫొటోలతోనే. మా ఇంట్లో ఉన్న ఏ ఫొటోలోనూ నా నోరు కనపడదు. పెళ్ళి ఫొటోలో చేతిరుమాలు అడ్డం ఉంటుంది, స్నేహితులతో దిగిన దాంట్లో టికెట్ల పెట్టె, మా బిడ్డ పెళ్ళి ఫొటోలో అక్షింతల పళ్ళెం. ఆ పళ్ళెం అంత ఎత్తుకు ఎందుకు పట్టుకున్నానా అని మా వియ్యంకుడు చాలాకాలం ఆలోచించాడట.

రిటైర్మెంటుకు పదకొండు నెలలు ఉందనగా, మా డిపోలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కాలం చేశాడు. పరామర్శకు వెళ్ళాను. గోడ మీద ఆయన రిటైర్మెంటు ఫొటో ఉంది. డిపోలో మెడ నిండా పూలదండలు వేసి, పక్కన భార్యను కుర్చీలో కూర్చోబెట్టి తీస్తారే, ఆ ఫొటోనే. భార్య ఉన్న సగం మడతపెట్టి, ఆయన సగానికి దండ వేసి, ముందు దీపం పెట్టారు. నేను కూర్చున్నంతసేపూ ఆ ఫొటోనే చూశాను. ఇంటికి తిరిగి వస్తుంటే తెలిసిపోయింది, మా సర్వీసు వాళ్ళకు మిగిలేది ఆ ఒక్క ఫొటోనే. రేపు నాకు దండ వేసేదీ దానికే. ఆ రోజు చేతిరుమాలు అడ్డం పెట్టుకోవడానికి ఉండదు, రెండు చేతుల్లో శాలువా, జ్ఞాపిక ఉంటాయి. నా పళ్ళకే దండ వేసి, నా పళ్ళకే దీపం పెడతారు. ఆ ఫొటోలో నా నోరు మూసుకొని ఉండాలి, అంతే. నాకు అంతకుమించి ఏ కోరికా లేదు.

ఈ మాట మా ఇంటామెకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "నువ్వు పోయినంక నీ పండ్లు జూసేటోళ్ళు ఎవ్వలయ్యా" అంది. నేను లేచి కోరుట్ల బస్సెక్కాను.

కోరుట్లలో పళ్ళు సరిచేసే డాక్టరమ్మ ఒకామె ఉండేది. చదువుకునే రోజుల్లో పాసు చూపించి నా బండిలోనే తిరిగిన పిల్ల. నా నోరు చూసి నవ్వలేదు, అందుకు ఆమెకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. పక్కనుంచి రెండు పళ్ళు తీసి జాగా చేసి, తీగ కట్టి, ముందు పళ్ళను మెల్లగా ఆ జాగాలోకి లాగాలనీ, రెండేళ్ళు పడుతుందనీ చెప్పింది. నాకున్నవి పదకొండు నెలలు. ముప్పై ఏళ్ళు బస్సులో బతికినవాడికి ఏ ప్రశ్న తోస్తుందో అదే తోచింది. ఇది ఆర్డినరీ సర్వీసులాగుంది, ఎక్స్‌ప్రెస్ ఏమైనా ఉందా బిడ్డా అని అడిగాను. ఆ పిల్ల లేదని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ ఆమె నిజాయితీపరురాలు, ఉందని చెప్పింది.

"చిగురు తెరిచి, పండ్ల చుట్టున్న ఎముక మీద సన్నగ గాట్లు పెడ్తరు అంకుల్. ఎముకకు గాయమైతే అది మానుకునే పనిల పడి కొన్ని నెలలు మెత్తబడ్తది. ఆ మెత్తగున్న మూడు నాలుగు నెలలల్ల మనం గబగబ జరుపుకోవాలె. మల్ల గట్టిపడ్డదంటే ఎప్పటి లెక్కనే."

అందరికీ పనికిరాదనీ, ఈ వయసులో షుగరు, చిగుళ్ళు, ఎక్స్‌రే అన్నీ చూశాకే మాట్లాడతాననీ, ముందు జర్దా పాన్ మానాలనీ కూడా చెప్పింది. నా బండి డ్రైవరు భాయ్‌కి ఈ సంగతి వివరించబోతే సగంలోనే ఆపేశాడు. "సమజైందన్నా. సడక్ తవ్వినంక మల్ల తారు పోసేలోపు పైపులు ఏసుకోవాలె, గంతే గద" అన్నాడు. వైద్యశాస్త్రం అంత తేలిగ్గా అర్థమైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. జర్దా మానాను. అన్ని పరీక్షలూ పాసయ్యాను. పక్క పళ్ళు రెండూ తీసి తీగ కట్టారు. కరీంనగర్ నుంచి ఆదివారాలు వచ్చే సర్జన్‌కు రోజు ఖాయం చేశారు.

ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవాలి. మత్తు సూది వద్దన్నానని మొదట రాశాను కదా. వద్దనలేదు. నాలుగు సూదులు ఇచ్చారు, ఐదోది నేనే అడిగి వేయించుకున్నాను. నొప్పి తెలియలేదు కానీ చప్పుడు తెలిసింది. కంకర పోసి వదిలేసిన రోడ్డు మీద పాత బండి ఫస్టు గేరులో పోతున్నట్టు, అదీ బయట కాదు, తలకాయ లోపల. అంతసేపూ నేను డాక్టరమ్మ చెయ్యి పట్టుకొని ఉన్నాను. (ఆమే నా చెయ్యి పట్టుకుందని కొన్నిచోట్ల చెప్పాను. అదీ నిజం కాదు.) కుట్లు పడ్డాక ఆమె ఒక మాట రెండుసార్లు చెప్పింది. నొప్పికి తను రాసిన పారాసిటమాల్ ఒక్కటే వేసుకోవాలి, వాపు తగ్గించే గోలీలు మాత్రం ఎవరిచ్చినా ముట్టకూడదు.

మధ్యాహ్నం బస్సెక్కిన మాట నిజమే. అయితే డ్యూటీకి కాదు, ప్రయాణికుడిగా. ఆ ముఖంతో జగిత్యాల పోతే డిపో అంతా చూస్తుందని భయపడి, మా ఇంటామెను వెంటబెట్టుకొని, కోరుట్ల నుంచే సిరిసిల్లలో ఉన్న మా అక్క ఇంటికి పారిపోయాను. ముఖానికి తువ్వాలు చుట్టుకొని వెనక సీట్లో ముడుచుకున్నాను. కండక్టరు నాతో పదేళ్ళు పనిచేసినవాడే, గుర్తుపట్టలేదు. "పెద్దమనిషీ, పాసున్నదా, టికెటా" అని అడిగాడు. పాసు చూపిస్తే పేరు తెలుస్తుందని, నా సర్వీసులో మొదటిసారి టికెట్టు కొనుక్కొని చందుర్తి మీదుగా సిరిసిల్ల చేరాను.

దాక్కోవడానికి మా అక్క ఇల్లు మంచి చోటు. ముందు అర్రలో నాలుగు సాంచాలు పొద్దంతా టకటకమని గుడ్డ నేస్తుంటాయి, ఆ మరమగ్గాల మోతలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. రెండో రోజుకు నా ముఖం బాగా వాచింది. అద్దంలో చూసుకున్నాను. పై పెదవి ఉబ్బి కిందికి దిగి, జీవితంలో మొదటిసారి నా నోరు పూర్తిగా మూసుకుంది. వెంటనే ఫొటోగ్రాఫరును పిలిపించమన్నాను, ఇక ఏ తీగలూ అక్కర్లేదు, ఫొటో ఇప్పుడే తీసి పెట్టుకుందామన్నాను. మా ఇంటామె ఒకసారి నా వైపు చూసి, "గుమ్మడికాయకు ఎవ్వలన్న దండేస్తరా" అని వంటింట్లోకి పోయింది.

మూడో రోజు నొప్పి ఎక్కువైంది. మా బావ సాంచాల ముందు పన్నెండు గంటలు నిలబడే మనిషి. ఆ వీధిలో నడుం నొప్పికీ, కాళ్ళ వాపుకూ, కంటి ఎరుపుకూ అందరిదీ ఒకటే మందు, చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే ఒక ఎర్ర గోలీ. అన్నం తిన్నాక తాంబూలం ఇచ్చినంత మర్యాదగా ఆయన నాకు రెండు చేతిలో పెట్టాడు. డాక్టరమ్మ వద్దన్నదని సైగ చేశాను. "డాక్టర్లు గట్లనే అంటరు బామ్మర్దీ. వాపు తగ్గితె మంచిదా, పెరిగితె మంచిదా, నువ్వే చెప్పు" అన్నాడు. తగ్గితేనే మంచిదనిపించి గోలీ వేసుకున్నాను. రెండు రోజుల్లో వాపు మాయమైంది, నొప్పీ పోయింది. మిగతా వారం కూడా రోజుకు రెండు చొప్పున సంతోషంగా మింగి, జగిత్యాల వచ్చి డ్యూటీలో చేరాను. ఎముక కోసినా ఇంత త్వరగా కోలుకున్నానంటే నా శరీరతత్వమే వేరని భాయ్‌తో అన్నట్టు గుర్తు.

రెండు వారాలకు డాక్టరమ్మ తీగ బిగించడానికి పిలిచింది. చిన్న కొలబద్దతో కొలిచి, మళ్ళీ కొలిచి, జరగాల్సినంత జరగలేదే అంది. వాపు గోలీలు ఏమైనా వేసుకున్నారా అని అడిగింది. నేను లేదని తల ఊపాను. ముప్పై ఏళ్ళలో ఏ చెకింగు స్క్వాడు ముందూ అంత ధైర్యంగా తల ఊపలేదు. వెనక బెంచీ మీద కూర్చున్న మా ఇంటామె, "పొద్దుకు రెండు మింగిండు బిడ్డా. మా అన్న ఇచ్చిండు" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరిపి కూర్చుంది.

"అంకుల్, ఎముకను మెత్తగ జేసే మేస్త్రి ఆ వాపే. మేస్త్రిని మీరే ఇంటికి పంపిచ్చిండ్రు."

ఎంత నష్టమైందని అడిగితే తనకూ తెలియదంది. అసలే కాకపోవచ్చు, నెల కావచ్చు, ఇప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పకుండా వస్తే చూద్దామంది. బస్సులో ఇంటికి వస్తూ నెలలు లెక్కపెట్టుకున్నాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా గోడ మీద దండ వేసుకున్న నా పళ్ళే కనిపించాయి.

ఆ తర్వాత జరిగింది మాత్రం పెంచి చెప్పడం లేదు, పెంచడానికి అందులో ఏమీ లేదు కూడా. రెండు వారాలకొకసారి, తోటి కండక్టరుతో సెలవు మార్చుకొని, కోరుట్ల పోయి తీగ బిగించుకొని వచ్చాను. బిగించిన ప్రతిసారీ మూడు రోజులు, మొక్కజొన్న రవ్వతో కాచిన మక్క గట్కలో మజ్జిగ కలుపుకొని తాగాను. నడుం పట్టినా, జ్వరమొచ్చినా బావ గోలీ ముట్టలేదు. ఆర్నెల్లు దాటేసరికి కింది పెదవిని కొంచెం పైకి లాగితే పై పెదవి తగిలింది. ఎనిమిదో నెలకు లాగకుండానే తగిలింది. ఆ రోజు బస్సులో టికెట్టు కొట్టడం మరిచిపోయి, డ్రైవరు అద్దంలో నా ముఖం చూసుకుంటూ మెట్‌పల్లి దాకా వెళ్ళాను. భాయ్ రెండుసార్లు హారను కొట్టాడు, నాకోసమే అని తర్వాత తెలిసింది.

రిటైర్మెంటుకు రెండు రోజుల ముందు తీగలు విప్పారు. కొత్త చొక్కా తొడుక్కొని, నోరు మూసుకొని, డిపో గేటు దగ్గరికి పోయాను. గేటుకు అడ్డంగా ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నా ఫొటో. ఎప్పుడో గుర్తింపు కార్డుకు, చేతిరుమాలు తీయమని బలవంతపెట్టి తీసిన ఒకే ఒక్క ఫొటో. దాన్ని అంత పెద్దది చేస్తే ఒక్కో పన్ను ఇటుక పెళ్ళంత ఉంది. కింద ఎర్ర అక్షరాలతో "మా బంపరన్నకు ఆత్మీయ వీడ్కోలు". భాయ్‌ని పక్కకు లాగి, పదకొండు నెలల నుంచి నా నోటిని రోజూ చూస్తూ ఈ పని ఎట్లా చేశావని అడిగాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"కొత్త ఫొటో ఏస్తె ఎవ్వలు గుర్తు పడ్తరన్నా? ఊర్లకెళ్ళి వచ్చెటోళ్ళు ఎవల్దో ఫంక్షన్ అనుకొని వాపస్ పోతరు."

అతను చెప్పింది తప్పని అనడానికి లేదు. బుగ్గారం నుంచి ఒక ముసలమ్మ నాకోసం సంచీలో జామకాయలు తెచ్చింది. వరుసగా అందరి ముఖాలూ చూసి, నన్ను దాటుకొని పోయి, "బంపరన్న ఏడి బిడ్డా" అని భాయ్‌నే అడిగింది.

ఫొటో తీశారు. ఆ ఫ్లెక్సీ కిందే మా ఇద్దరికీ కుర్చీలు వేశారు. దండలూ, శాలువా, పక్కన మా ఇంటామె, మధ్యలో నోరు మూసుకున్న ఒక పెద్దమనిషి. మా తల మీద మాత్రం నా పాత పళ్ళు నాలుగూ ఎంత పెద్దగా ఉండాలో అంత పెద్దగా ఉన్నాయి. ఫ్లెక్సీ పడకుండా తీయమంటే, అది లేకుంటే రిటైర్మెంటు ఫొటో ఎట్లా అవుతుందని ఫొటోగ్రాఫరు ఒప్పుకోలేదు. ఇప్పుడది మా ముందు అర్రలో ఉంది. నాకు డెబ్బై నిండాయి. అప్పుడప్పుడు దాని ముందు నిలబడితే, కింద కుర్చీలో బిగుసుకొని కూర్చున్న ఆ నున్నటి మనిషి ఎవరో దూరపు బంధువులా తోస్తాడు. పైనున్నవాడే ఇప్పుడే బస్సు దిగి వచ్చినట్టు, నాతో ఏదో చెప్పబోతున్నట్టు ఉంటాడు. వాణ్ణి దాచడానికి అంత పాటుపడిన కుర్రవాణ్ణి తలుచుకొని నవ్వుకుంటాను. ఏమైతేనేం, పట్టిన పని సాధించాను. డాక్టరమ్మ కూర్చోబెట్టిన చోటనే నా పళ్ళు ఈ రోజుకీ బుద్ధిగా కూర్చున్నాయి.

ఇంతవరకు రాసి మా ఇంటామెకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా వింది.

"పండుకునేటప్పుడు పెట్టుకొమ్మని డాక్టరమ్మ ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగు నెల గూడ పెట్టుకోలే నువ్వు. పండ్లు మల్ల బయటికే అచ్చినయి. గిప్పుడు సదువుతాంటె గూడ పెదవి మీదనే ఉన్నయి, అద్దంల జూస్కో."