గొంగడి తెరచాప

బషీరాబాద్ రుక్కమ్మ గొర్రెలు ఒక పడవను కోరంగి రేవు దాకా లాక్కెళ్ళాయి. సరే, గొర్రెలు కాదు, వాటి ఉన్ని. అంతకంటే తగ్గించడం కుదరదు.

తన మామ నేసిన గొంగళ్ళు కోరంగిలో ఓడలెక్కి సముద్రం దాటాయని రుక్కమ్మ గొప్పగా చెప్పుకునేది. తాండూరు అంగడిలో గుడ్డలమ్మే జంగప్ప పగలబడి నవ్వేవాడు. “ఓడల గొర్లు గూడ ఎక్కినయా, అక్కా?”

ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది. కోరంగిని కళ్ళారా చూసి రావాలనుకుంది. 1958 చలికాలంలో మందను మరిదికి అప్పగించి, భర్త ఎల్లప్పతో వికారాబాద్‌లో రైలెక్కింది. చలికని మామ చేతి గొంగడి కప్పుకుంది. ఇంట్లో ఏ పెళ్ళయినా వధూవరులు కూర్చునేది దానిమీదే. మామ పోయాక అత్త బుగ్గమ్మకు అది ప్రాణం.

రాజమండ్రిలో గోదావరిని చూసి ఎల్లప్ప నోరు తెరిచాడు. “గిన్ని నీళ్ళా! మన కాగ్నా వాగుకు జర అప్పియ్యరాదా?”

యానాం చేరి వీధులన్నీ తిరిగి, మర్నాడు పొద్దున్నే కోరంగికి పడవెక్కారు. సగం దారిలో తెరచాప నిలువునా చిరిగింది.

“సముద్రం పోటు ఎదురు తగిలిందమ్మా. గెడ అడుక్కి అందదు, చాప లేదు. మళ్ళీ యానామే” అన్నాడు పడవ నడిపే ఏసుదాసు.

రుక్కమ్మ భుజం మీది గొంగడి తీసింది.

“పిచ్చిలేసిందానే? అవ్వ సంపుతది!” అన్నాడు ఎల్లప్ప.

“ఇంకోటి నేను వడుకుత, నువ్వు నెయ్యి. కోరంగికి మల్లెప్పుడొస్తం?”

“తాళ్ళు లాగితే చిరిగిపోద్దమ్మా” అన్నాడు ఏసుదాసు.

“కట్టు తమ్మీ. గది గొర్రెది గాదు, మా మామది.”

నల్ల గొంగడి గాలి నింపుకుని పొట్ట ఉబ్బించింది. పోటుకు ఎదురు పడవ కదిలింది. రేవులో వలలు ఆరేసుకుంటున్న జాలర్లు లేచి నిలబడ్డారు. అక్కడ ఓడలేవీ మిగల్లేదు, బురదా మడచెట్లే. అయినా రుక్కమ్మ రాణిలా దిగింది. “మామా, నీ గొంగడి మల్లొచ్చింది” అంది నీళ్ళవైపు చూసి.

గొంగడి నడుమ మాత్రం తలకాయ పట్టేంత చిల్లు. దాన్ని ఏసుదాసుకే ఇచ్చేసి, “రైల్ల ఎవడో ఎత్కపోయిండత్తా” అని ఇంట్లో చెప్పింది. బుగ్గమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు.

ఎల్లప్ప నోరు కల్లు దుకాణంలో ఆగదు కదా. సంగతి జంగప్ప దాకా పోయింది. అంగడిలో ఎదురొచ్చి, చేతులు జోడించి మరీ అడిగాడు. “మీ గొంగడి కోరంగి పడవను నడిపిందట! నిజమైతే ఇక జన్మల నవ్వనక్కా.”

ఎన్నేళ్ళుగానో రుక్కమ్మ ఎదురుచూసిన మాట అది. పక్కనే చింతపండు బేరమాడుతున్న బుగ్గమ్మ తల తిప్పి చూసింది.

“పడవా?” అంది రుక్కమ్మ. “నేను పడవే ఎక్కలే. కోరంగి ఏ దిక్కున్నదో గూడ నాకెరకలే. అంత ఉత్త ముచ్చట!”